డ్రిల్లయ్యవారు తెచ్చిన బల్బు

మా డ్రిల్లయ్యవారు పోయిన సంగతి ఆయన భార్యకంటే అర నిమిషం ముందు నాకు తెలిసింది. ఇందులో నా గొప్పేమీ లేదు. నేను తిరువళ్లూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు బోర్డు మీద ఆపరేటర్‌ని. చావు కబురైనా పెళ్లి కబురైనా మేము వైరు గుచ్చితేనే అవతలికి పోతుంది. లైను కలిపి, రెండు వైపులా గొంతులు వినబడగానే మేము చెవి తప్పించుకోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు చెప్పే మొదటి మాట అదే.

ప్రతి బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆత్తిపట్టు పక్కనుండే ఒక పల్లె పోస్టాఫీసు నుంచి తిరుత్తణికి ఒక ఫోను బుక్కయ్యేది. తిరుత్తణిలో ఒక జవుళి అంగడి నంబరు. ఆ పల్లె బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే డ్రిల్లయ్యవారు పోస్టాఫీసుకు నడిచి వచ్చేవారు. తిరుత్తణిలో ఆయన భార్య ముందుగానే వచ్చి అంగట్లో స్టూలు మీద కూర్చుని ఉండేది. ఏడేళ్లుగా ఆ లైను కలిపేది ఎక్కువగా నేనే. నా డ్యూటీ కాకపోయినా అడిగి మరీ ఆ సీట్లో కూర్చునేదాన్ని.

పోయిన నెల ఆ బుధవారం కూడా సరిగ్గా ఒంటిగంటకు లైటు వెలిగింది. ఆయనే అనుకుని వైరు గుచ్చాను. వేరే గొంతు.

"ఆపరేటరమ్మా, అర్జెంటు మా. తిరుత్తణి జవుళి అంగడి నంబరియ్యి. మా బళ్లో డ్రిల్లయ్యోరు గ్రౌండులో కూలబడిపోయినారు. ఆస్పత్రికి ఎత్తకపోయేలోపలే అయిపోయింది. వాళ్లింట్లో చెప్పాల."

నేను ఏమన్నానో నాకు గుర్తు లేదు. చెయ్యి మాత్రం దాని పని అది చేసింది. అవతల ఒక్క గంటైనా పూర్తిగా మోగలేదు, ఆమె ఎత్తేసింది.

"ఏమండీ, తిన్నారా?"

నేను హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టేశాను. ఆ ఏడేళ్లలో మా రూలును నేను పూర్తిగా పాటించింది ఆ ఒక్కసారే.

ఆ తరువాతి ఆదివారం తిరుత్తణిలో మా పాత బడిలో సంతాప సభ పెట్టారు. పాత విద్యార్థులం ముప్పై మంది దాకా పోగయ్యాం. "నీకు మాటలే కదా ఉద్యోగం, నువ్వు మాట్లాడు" అని నన్ను లేపారు. లేచాను. క్రమశిక్షణ అన్నాను, ఆప్యాయత అన్నాను, అందరూ అనే నాలుగు మాటలూ అని కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు కూడా. నాకు ఆ చప్పట్లు చెంప మీద పడినట్టే ఉంది. చెప్పాల్సింది చెప్పలేదు కాబట్టి ఇప్పుడిలా రాస్తున్నాను. చదివేవాళ్లలో ఆయన శిష్యులుంటే, నా మీద కోపం వస్తే, రానివ్వండి. రావాల్సిందే.

ఆయన్ను చూడనివాళ్లకు చెబుతాను. సన్నటి మనిషి. మోకాళ్ల దాకా ఖాకీ నిక్కరు, మెడలో విజిలు, నెత్తిన తెల్లటి గుడ్డ టోపీ. కాన్వాసు బూట్లకు ప్రతి సోమవారం సుద్ద పూసుకుని వచ్చేవారు. వేరే బళ్లలో డ్రిల్లయ్యవార్లు పరుగు నేర్పిస్తారు, దూకడం నేర్పిస్తారు. ఈయన పడటం నేర్పించేవారు. ఇసక గుంట దగ్గర వరసగా నిలబెట్టి, "పడండి" అనేవారు. చేతులు ఎట్ల పెట్టాలి, భుజం ఎట్ల దొర్లించాలి, తల ఎట్ల లోపలికి ముడుచుకోవాలి, అన్నీ తానే పడి చూపించేవారు. "ఎట్లైనా మీరు పడేది పడతారు, అది మీ చేతిలో లేదు. సరిగ్గా పడేది మీ చేతిలో ఉండాది" అనేవారు. ఆడపిల్లలకు కూడా నేర్పించారు. అందుకు మా ఊళ్లో కొందరు ముక్కు మీద వేలేసుకున్నారు.

ఇంకొకటి అనేవారు. "పడినోడు ముందు టోపీ వెతుక్కోవాల. ఎముకల సంగతి తర్వాత."

ఈ మాట ఆయనది కాదు, ఆయన రీలులోది. ఆయన దగ్గర చేత్తో తిప్పే చిన్న ప్రొజెక్టరు ఒకటుండేది. మదరాసులో పాత సామాన్ల అంగట్లో దొరికిందట. దాంతోపాటు ఒకే ఒక్క రీలు. మాటలు రాని కాలపు తెల్లవాళ్ల నవ్వుల బొమ్మ. గుర్రాలు, తుపాకులు, దుమ్ము, చెక్క ఇళ్లు. పేరుండే ముక్క మా దాకా రాకముందే తెగిపోయింది కాబట్టి దాని పేరేమిటో మాకెవరికీ తెలియదు. శుక్రవారం కడపటి పీరియడు ఆటసామాన్ల గదిలో కిటికీలకు గోనెపట్టలు కట్టి, సున్నం గోడ మీద చూపించేవారు. నెలకొకసారి. ఎప్పుడూ అదే బొమ్మ. అయినా మేము నెలంతా దానికోసం కాచుకుని ఉండేవాళ్లం.

అందులో హీరో పొట్టివాడు, పెద్ద టోపీ పెట్టుకుని ఉంటాడు. వాడికి టోపీ మామ అని మేమే పేరు పెట్టుకున్నాం. వాణ్ణి తరిమేవాడు గుండె మీద చుక్క బిళ్ల పెట్టుకుంటాడు కాబట్టి చుక్క పోలీసు. నడుమ నడుమ వచ్చే ఇంగ్లీషు అక్షరాలను మేము చదివేలోపల అవి పోయేవి. అందుకని అయ్యవారే ఒక చేత్తో పిడి తిప్పుతూ అందరి గొంతులూ తానే పలికేవారు. టోపీ మామకు కీచుగొంతు. చుక్క పోలీసుకు మా హెడ్మాస్టరు గొంతు. గుర్రానికి మాత్రం తన సొంత గొంతు.

నాకిష్టమైనవి ఇప్పటికీ వరస తప్పకుండా చెప్పగలను. టోపీ మామ గుర్రాన్ని తెచ్చి సారాయి అంగడి ముందర గుంజకు కట్టేస్తాడు. లోపలికి పోతాడు. గుర్రం నిదానంగా నడిచిపోతుంది. దాంతోపాటు గుంజ పోతుంది. గుంజతోపాటు వసారా పోతుంది. వసారాతోపాటు ముందుగోడ అంతా పోతుంది. లోపల బల్ల దగ్గర గ్లాసు ఎత్తినవాడు ఎత్తినట్టే నడివీధిలో కూర్చుని ఉంటాడు. "ఒరే, గుర్రాన్ని కట్టమంటే అంగడినే కట్టినావా!" అని అయ్యవారు గుర్రం గొంతుతో తిట్టేవారు. గుర్రమే తనను తిట్టుకుంటోందా, వాణ్ణి తిడుతోందా అని అడిగితే, "దానికి తెలుసు లేమా" అనేవారు.

ఇంకొకటి ఎక్కడం. ఈ పక్క ఎక్కి ఆ పక్క పడతాడు. ఆ పక్క ఎక్కి ఈ పక్క పడతాడు. మూడోసారికి గుర్రానికే జాలి వేసి మోకాళ్ల మీద కూర్చుంటుంది. టోపీ మామ సంతోషపడి, టోపీ తీసి, నడుం వంచి, దానికి దండం పెడతాడు. తల ఎత్తి చూసేసరికి గుర్రం లేచి వెళ్లిపోయి ఉంటుంది. ఖాళీ నేలకు పెట్టిన ఆ దండం చూసి నేను ప్రతిసారీ కడుపు పట్టుకుని నవ్వేదాన్ని.

సారాయి అంగడికి మనిషి నడుము ఎత్తున రెండు సగం తలుపులుంటాయి. తోసుకుని లోపలికి పోతే అవి వెనక్కొచ్చి కొడతాయి. టోపీ మామ పోయిన ప్రతిసారీ కొడతాయి. కడాకు వాడు వాటికి టోపీ ఎత్తి మర్యాద చేసి మరీ దాటతాడు, అప్పుడూ కొడతాయి. మా హెడ్మాస్టరు గదికి కూడా అట్లాంటి సగం తలుపులే ఉండేవి. డ్రిల్లయ్యవారు అందులోనుంచి వచ్చినప్పుడల్లా, వరండాలో పిల్లలుంటే కావాలని తలుపు దెబ్బ తిని, వెనక్కు తిరిగి టోపీ ఎత్తేవారు. హెడ్మాస్టరు లోపల్నించి "ఏంది అక్కడ గొడవ?" అని అరిచేవాడు.

అన్నింటికంటే పెద్దది దూకడం. టోపీ మామ ఇంటికప్పు మీద ఉంటాడు. కింద గుర్రం. చుక్క పోలీసు వచ్చేస్తుంటాడు. దూకుతాడు. గుర్రం ఒక్కడుగు ముందుకేస్తుంది, వీడు నీళ్లతొట్లో పడతాడు. లేస్తాడు, ముందు టోపీ వెతుక్కుంటాడు. గుర్రాన్ని తిడతాడు. జేబులోనుంచి సుద్దముక్క తీసి నేల మీద గీత గీస్తాడు. "గీత దాటొద్దు" అని దానికి వేలు చూపించి చెబుతాడు. మళ్లీ పైకెక్కి దూకుతాడు. ఈసారి గుర్రం గీత దాటలేదు, కానీ ఇటు తిరగాల్సింది అటు తిరిగింది. తోక పట్టుకుని ఊరు దాటి పోతాడు.

నేను అప్పుడు ఎనిమిదో తరగతి. మాది తిరుత్తణికి మూడు మైళ్లలో చెరుకు పండించే ఊరు. ఎనిమిదితో చాలు, ఇక ఇంట్లో ఉండమని మా నాయన అప్పటికే రెండుమూడుసార్లు అని ఉన్నాడు. ఒక సాకు దొరికితే చాలు ఆయనకు. నాకేమో బడి అంటే ప్రాణం. అది చదువు మీద ప్రేమో, ఆ బొమ్మ మీద ప్రేమో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

ఒక శుక్రవారం సగం బొమ్మలో ప్రొజెక్టరు బల్బు పోయింది. మేమంతా "అయ్యో" అని అరిచాం. "అరవద్దండి. రేపు మధ్యాహ్నం తిరువళ్లూరు పోయి బల్బు తెస్తా. వచ్చే శుక్రవారం మొదట్నించి చూద్దాం" అన్నారు అయ్యవారు. క్లాసు మొత్తం విన్నది. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

మరునాడు శనివారం, ఒంటిపూట బడి. ఇంటికి పోయే దారిలో తిరుత్తణి స్టేషను పక్క జట్కాలు నిలబడేచోట ఆగాం, నేనూ ఇద్దరు స్నేహితురాళ్లూ. సగం బొమ్మ దగ్గర ఆగిపోయిన కసి ఇంకా తీరలేదు. ఒక జట్కా గోడవారగా నిలబడి ఉంది. బండివాడు టీ తాగడానికి పోయాడు. గుర్రం గడ్డి నములుతోంది. నా చేతిలో బడినుంచి తెచ్చిన సుద్దముక్క. ఇంకేం కావాలి? గుర్రం ముందు కాళ్ల దగ్గర గీత గీశాను. "గీత దాటొద్దు" అని వేలు చూపించాను. స్నేహితురాళ్లు వద్దే వద్దే అంటున్నా గోడెక్కాను.

జట్కా గుర్రం సంగతి మా ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా తెలుసు. బండి ఒక్కసారి కుంగితే మనుషులెక్కారని దానికి లెక్క. ఎవరూ చెప్పనక్కర్లేదు, తనంతట తానే గుడి కొండవైపు నడుస్తుంది. యాత్రికుల్ని రోజూ మోసి మోసి అట్లా అలవాటైపోయింది. ఇది నాకూ తెలుసు. కానీ ఆ క్షణాన నాకు తెలిసింది తెల్లవాళ్ల గుర్రం ఒక్కటే. దూకాను. గుర్రం వీపు మీద పడి బండి నొగ మీదికి జారాను. బండి కుంగింది. గుర్రం గీత దాటి కొండకు బయలుదేరింది. నేను కింద పడ్డాను. అయ్యవారు నేర్పించినట్టు తల ముడుచుకున్నాను, భుజం దొర్లించాను, అంతా సరిగ్గానే చేశాను. ఎడమ చీలమండ మాత్రం చక్రం కిందికి పోయింది.

టీ అంగట్లోనుంచి పరిగెత్తుకొచ్చిన బండివాడు నన్ను అదే జట్కాలో ఆస్పత్రికి తీసుకుపోయాడు. కాలికి మావుకట్టు వేశారు, గట్టిగా తెల్లగా మోకాలి దాకా. సాయంత్రం నాయన వచ్చాడు. ఆయన ముఖం చూడగానే నా చదువు అయిపోయిందని నాకు అర్థమైంది. పదమూడేళ్ల ఆడపిల్ల, బజార్లో, గోడెక్కి గుర్రం మీదికి దూకింది!

"ఎవురు దూకమనింది నిన్ను?"

ఎవరో దూకమని ఉండాలని ఆయనే అనుకున్నాడు. ఆ సందు చూసి నా నోరు దూరింది.

"డ్రిల్లయ్యోరు. నేను గుర్రాన్ని పట్టుకుంటా, నువ్వు దూకు అన్నాడు."

ఎంత సులభంగా వచ్చిందో. ఇప్పటికీ ఆ మాట నా నోట్లో ఎట్లా తయారైందో నాకు తెలియదు.

సోమవారం హెడ్మాస్టరు గదిలో విచారణ. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు, కాలు ఇంకో స్టూలు మీద. నాయన నిలబడే ఉన్నాడు. డ్రిల్లయ్యవారు టోపీ చంకలో పెట్టుకుని వచ్చారు. చొక్కా జేబులోనుంచి చిన్న అట్టపెట్టె సగం పైకి కనిపిస్తోంది. తిరువళ్లూరు నుంచి తెచ్చిన బల్బు. రైలు టికెట్టు ముక్క కూడా దాని పక్కనే దూర్చి ఉంది. నేను చూశాను.

"శనివారం మధ్యాహ్నం మీరు జట్కా స్టాండు కాడ ఉండారా?" అని హెడ్మాస్టరు అడిగాడు.

అయ్యవారు నావైపు చూశారు. నేను మావుకట్టువైపు చూశాను. ఆయన చెయ్యి మెల్లగా జేబు మీదికి పోయింది. పెట్టెను కనబడకుండా లోపలికి నొక్కారు.

"ఉండాను సార్."

"దూకమని మీరే చెప్పినారా?"

"నేనే సార్. తప్పు నాదే."

నాయన అరిచిన అరుపులు ఇక్కడ రాయను. చివరికి ఆయనన్నది ఒక్కటి. "ఈయన ఉండే బడికి నా బిడ్డను పంపను. అంతే."

"నేను పోతా అన్నా," అన్నారు అయ్యవారు. మా నాయనకంటే ఆయనే పెద్ద. అయినా అన్నా అనే అన్నారు. "బదిలీ అడుక్కోని పోతా. పాపను మాత్రం నిలపొద్దు. బాగా చదివే బిడ్డ."

"సరి. నువ్వు పో, అది వస్తుంది."

"మాట తప్పకూడదు."

"తప్పను పో."

ఆయన బయటికి నడిచారు. సగం తలుపులు వెనక్కొచ్చి భుజానికి గట్టిగా తగిలాయి. అది కావాలని తిన్న దెబ్బ కాదు. వరండాలో పిల్లలున్నారు, ఎవరూ నవ్వలేదు. ఆయన ఒక్క క్షణం ఆగి, వెనక్కు తిరిగి, చంకలోని టోపీని నెత్తిన పెట్టుకుని, తలుపుకు ఎత్తారు. తలుపు మీదుగా ఆయన కళ్లు నామీదే ఉన్నాయి. నన్ను నవ్వించడానికి చేశారో, నేను భయపడకూడదని చేశారో. నేను ఏడ్చాను. కాలు నొప్పి అనుకున్నారు అందరూ.

మా క్లాసులో నలభై మందికి ఆయన ఆ మధ్యాహ్నం ఎక్కడున్నారో తెలుసు. స్నేహితురాళ్లిద్దరికీ అంతా తెలుసు. ఎవరూ వాళ్లను అడగలేదు. ఎవరూ తమంతట తాము చెప్పలేదు. నేను వద్దని కళ్లతో వేడుకున్నాను.

ఆయన్ను ఆత్తిపట్టు పక్కకు వేశారు. తల్లి పక్షవాతంతో మంచం మీద ఉండేది, ఇల్లు కదిలే స్థితి కాదు. ఆమెను చూసుకోవడానికి భార్య తిరుత్తణిలోనే ఉండిపోయింది. వాళ్లకు పిల్లల్లేరు. ఒకసారి పిల్లల విషయంలో మాట పడిన అయ్యవారిని మళ్లీ మా వైపు ఏ బడీ అడగలేదు. నేను పది పాసయ్యాను, పై చదువు చదివాను. కుంటికాలితో కూర్చుని చేసే ఉద్యోగం కాబట్టి నాయన ఈ ఉద్యోగానికి కూడా ఒప్పుకున్నాడు. ఇప్పటికీ ఎవరైనా నా కాలు సంగతి అడిగితే నాయన ఆ అయ్యవారినే తిడతాడు. నేను పక్కనే కూర్చుని వింటాను.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక బుధవారం ఆ గొంతు విన్నాను. తిరుత్తణి కావాల మా అన్నారు. మేము మామూలుగా "పేసుంగ" అని అరవంలోనే అంటాం. ఆ రోజు కంగారులో "మాట్లాడండయ్యా" అనేశాను. అవతల ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. తరువాత "మంచిది మా" అన్నారు. అంతే. ఆ తరువాత ప్రతి బుధవారం అంతే. మాట్లాడండయ్యా. మంచిది మా.

చెవి తప్పించుకోవాలి కదా? తప్పించుకోలేదు. ఏడేళ్లు విన్నాను. తిన్నారా, అమ్మకు జ్వరం తగ్గిందా, బియ్యం వచ్చిందా, ఇవే మాటలు. కానీ ఆమె మనసు బాగాలేని రోజున ఒకే మాట దగ్గరికి వచ్చేది.

"ఆ పొద్దు మీరు ఆ బిడ్డను దూకమనకపోయింటే మనకీ గతి వచ్చిండునా? మీకేం పోయేకాలం వచ్చింది, చెప్పండి. ముసలామెను నేనొకతే ఎత్తి దించలేక చస్తా ఉండాను."

"ఔలే. తప్పే," అనేవారు ఆయన. "నోరు జారింది. ఏం చేసేది."

వైరు నా చేతిలో ఉండేది. నొక్కాల్సిన మీట నా వేలి కిందే ఉండేది. "అమ్మా, ఆయన కాదు, ఆయన ఆ రోజు ఊళ్లోనే లేరు" అని ఒక్క ముక్క. ఎన్ని బుధవారాలు! ఆపరేటరు మధ్యలో మాట్లాడకూడదని రూలు అని నాకు నేను చెప్పుకున్నాను. రూలూ లేదు, మన్నూ లేదు. భయం. నాయన ముందు, ఊరి ముందు, ఆమె ముందు అబద్ధాలకోరుగా నిలబడాలనే భయం. ఇంకో మూడు నెలల్లో ఆయన రిటైరై ఇంటికి వచ్చేస్తారు, అప్పుడు ఇద్దరి ముందూ చెప్పేస్తాను అని ఈ మధ్య ముహూర్తం కూడా పెట్టుకున్నాను. సిగ్గు లేకపోతే సరి.

సంతాప సభలో చప్పట్లు తిన్నాక నేరుగా ఆయనింటికి నడిచాను. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. ముసలామె రెండేళ్ల కిందటే పోయింది. ఎట్లాగూ ఆయన రిటైరై వచ్చేస్తారని ఈమె ఇల్లు కదల్లేదు. గడప దగ్గర నిలబడి "అమ్మా" అన్నాను. ఆమె గబుక్కున తల ఎత్తింది.

"నువ్వు లైను పాపవు కదా? ఈ గొంతు నాకు తెలుసు. రా మా, లోపలికి రా. మీ అయ్యోరు చెప్పేవారు, లైనిచ్చేది మా బడి పాపే, గొంతు వింటానే గుర్తు పట్టినా అని. మరి రెండు మాటలు మాట్లాడేది కదా అంటే, ఉద్యోగంలో దానికి మాట వస్తుంది, వద్దు అనేవారు."

ఆయనకు తెలుసు. మొదటి బుధవారం నుంచీ తెలుసు. నేను వింటున్నానని తెలిసే "తప్పే, నోరు జారింది" అన్నారు.

లోపలికి నడిచాను. నాలుగడుగులు చాలు నా కుంటి నడక కనబడటానికి. ఆమె చూపు నా కాలి మీదికి పోయింది, అక్కడే నిలిచిపోయింది.

"ఆ పాపవు... నువ్వేనా?"

తల ఊపాను. ఆమె వచ్చి నా ముందర కింద కూర్చుంది. వద్దంటున్నా వినకుండా నా చీలమండను రెండు చేతులా పట్టుకుంది. "ఆయన తరపున నేను అడుగుతా ఉండా మా. మన్నించు. మంచి మనిషే, ఆ పొద్దు ఎట్లనో బుద్ధి గడ్డి తినింది. నీ కాలు తలుచుకోని నేను ఆయన్ని తిట్టని వారం లేదు."

అప్పటికి గాని నా నోరు తెరుచుకోలేదు. "అమ్మా, కాలు వదలండి. ఆయన చెప్పలేదు. నాకెవరూ చెప్పలేదు. నాకు నేనే దూకినా. నాయన బడి మాన్పిస్తాడని ఆయన పేరు చెప్పినా. అబద్ధం."

ఆమె చేతులు తియ్యలేదు. పట్టుకునే ఉంది.

"అయితే ఆ పొద్దు ఆయన యాడుండె?"

"తిరువళ్లూరులో. బల్బు కోసం పోయినారు. మా బొమ్మకు."

ఆమె లేచింది. లోపల గదిలో ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడైంది. చిన్న అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. అట్ట పసుపు పచ్చగా మారిపోయింది. రైలు టికెట్టు ముక్క అట్టకు అతుక్కుపోయి ఉంది.

"ఇదేందని ఎన్నిసార్లు అడిగినానో. పాత బల్బు, పారెయ్యొద్దు అనేవారు. ఒక దీపానికైనా పెట్టండయ్యా అంటే, దీనికి వేరే మిషను ఉండాది అనేవారు." కాసేపు దానివైపే చూసింది. "ఆ బొమ్మలో అంతగా ఏముండె మా? నేను చూడనే లేదు."

గుంజ సంగతి చెప్పాను. ఖాళీ నేలకు దండం పెట్టడం చెప్పాను. సగం తలుపులు, టోపీ ఎత్తడం చెబుతుంటే ఆమె చెయ్యెత్తి ఆపేసింది.

"ఇంటికి వచ్చి మళ్లా పోయేటప్పుడు ప్రతిసారీ ఈ గడప కాడ వెనక్కి తిరిగి నాకు టోపీ ఎత్తేవారు. తిట్టినదానికి నన్ను ఎగతాళి చేస్తా ఉండారని నేను ముఖం తిప్పుకునేదాన్ని. ఒక్కసారన్నా చూసి నవ్వలేదు."

ఆమె మన్నించాను అనలేదు. నేను అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు. కడాకు బల్బు పెట్టెను నావైపు తోసింది.

"ఇది నీకోసరం తెచ్చింది. నువ్వే ఎత్తుకోని పో. ఈ పొద్దుకు నాతో ఇంకేమీ మాట్లాడొద్దు మా. బుధవారం ఒంటిగంటకు అంగడి కాడికి పోవద్దని నా కాళ్లకు చెప్పుకోలేకుండా ఉండా నేను."

మధ్యాహ్నం రైల్లో తిరువళ్లూరుకు బయలుదేరాను. పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాను. రైలు కుదిపినప్పుడల్లా లోపల సన్నటి తీగ కదిలిన చప్పుడు. ఆ శనివారం ఆయన ఇదే దారిలో, ఇదే వేళకు, ఎదురు దిక్కుగా, ఈ పెట్టెను ఇట్లాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటారు. శుక్రవారం మేము ఎట్లా నవ్వుతామో తలుచుకుని ఉంటారు. ఆ వేళకే నేను గోడెక్కి దూకేసి ఉన్నాను.

కడంబత్తూరు దగ్గరపడుతుండగా ఎదురు రైలు వచ్చింది. కిటికీ వెనక కిటికీ, ముఖం వెనక ముఖం, గోడ మీద రీలు తిరిగినట్టు దాటిపోయాయి. నేను పెట్టెను రెండు చేతులతో పట్టుకుని, కడపటి బోగీ దాటేదాకా తెల్ల టోపీ కోసం చూస్తూనే ఉన్నాను.